‘సెట్’ అనే ఇంగ్లీషు మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంత చిన్న మాటకు నిజంగానే వందల అర్థాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పులో ‘సెట్’ అనే క్రియకు సుమారు 430 అర్థభేదాలు చూపించారు. ఆ ఒక్క మాటకు రాసిన వివరణే దాదాపు 60,000 పదాలు సాగింది, అంటే ఓ మోస్తరు నవలంత. ఇంగ్లీషులో అత్యధిక అర్థాలున్న పదం ఇదేనని క్విజ్ పుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. తరువాత మూడవ కూర్పు కోసం పాత పదాలను సవరిస్తున్నప్పుడు ‘రన్’ అనే క్రియకు 645 అర్థాలు లెక్కతేలాయని సంపాదకులు వెల్లడించడంతో ఆ కిరీటం చేయి మారింది. పోటీ పరీక్షల పుస్తకాల్లో మాత్రం పాత సమాధానమే ఇంకా కనిపిస్తూ ఉంటుంది.

ఈ అంకెలను చూసి బెదరవలసిన పని లేదు. గడియారాన్ని సెట్ చేయడాన్నీ, ఎలుకల బోనును సెట్ చేయడాన్నీ నిఘంటుకర్త రెండు అర్థాలుగా విడదీస్తాడు. మాట్లాడేవాడి మనసులో ఆ రెండింటి వెనుకా ఉన్నది ఒకే చేష్ట.

ఆ ఒకే చేష్ట ఏమిటి?

కూర్చోబెట్టడం. ప్రాచీన ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. మనం ‘లేచు’ నుంచి ‘లేపు’ చేసుకున్నట్టే, వాళ్ళు ‘సిట్’ నుంచి ‘సెట్’ చేసుకున్నారు. ‘రైజ్’ నుంచి ‘రెయిజ్’, ‘లై’ నుంచి ‘లే’, ‘ఫాల్’ నుంచి చెట్టును పడగొట్టడమనే అర్థంలో ‘ఫెల్’ ఇదే పద్ధతిలో పుట్టాయి. ఒక వస్తువును ఉండవలసిన చోట, ఉండవలసిన తీరులో కుదురుగా కూర్చోబెట్టడమే ‘సెట్’ అనుకుంటే ఆ 430 అర్థాల్లో ఎక్కువ భాగం దారికి వస్తాయి.

ఈ మాటకు మన ఇంట్లోనూ చుట్టాలున్నారు. కూర్చోవడమనే అర్థం గల సంస్కృత ధాతువు ‘సద్’కూ, ఇంగ్లీషు ‘సిట్’కూ మూలం ఒకటే. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అనే మాటలన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. ప్రసన్నం, విషాదం కూడా అక్కడివే. పక్షి కూర్చునే గూటికి సంస్కృతంలో ‘నీడము’ అని పేరు. అదీ, ఇంగ్లీషు ‘నెస్ట్’ కూడా ఈ కుదురులోనివే. ‘సెటిల్’ అయితే ‘సెట్’కు ఇంటి పక్కనే ఉండే దాయాది.

తెలుగులో దీనికి సరితూగే మాట ఉందా?

‘పెట్టు’ ఉంది. తెలుగు నేర్చుకుంటున్న ఇంగ్లీషువారెవరైనా ‘పెట్టు’ అంటే ఏమిటని అడిగితే మన అవస్థ ఎలా ఉంటుందో ఊహించండి. అన్నం పెడతాము, బొట్టు పెడతాము, పేరు పెడతాము, కేసు పెడతాము, పొయ్యి మీద ఎసరు పెడతాము. కోడి గుడ్లు పెడుతుంది, పిల్లవాడు పేచీ పెడతాడు, అత్తగారు ఆరళ్ళు పెడుతుంది, కొత్తగా కొట్టు పెట్టినవాడు పెట్టుబడి పెడతాడు. ఇన్నింటినీ ఏ బడికీ పోకుండా నేర్చుకున్న మనకు ‘సెట్’ కష్టంగా తోచవలసిన కారణం లేదు.

పైగా ఈ రెండు మాటలూ చాలాచోట్ల చేయీ చేయీ కలుపుకొని నడుస్తాయి. ‘సెట్ ఎ డేట్’ అంటే ముహూర్తం పెట్టడం, ‘సెట్ ఫైర్’ అంటే నిప్పు పెట్టడం, ‘సెట్ ది అలారం’ అంటే అలారం పెట్టడం, ‘సెట్ ఎ కండిషన్’ అంటే షరతు పెట్టడం, ‘సెట్ అప్ ఎ షాప్’ అంటే దుకాణం పెట్టడం. దారులు వేరయ్యేది పనితనం ఉన్న చోట్ల. కంసాలి రాళ్ళను పొదుగుతాడు, సంగీత దర్శకుడు పాటకు బాణీ కడతాడు, వేటగాడు వల పన్నుతాడు, పాతకాలపు అచ్చుకూటంలో కంపోజిటర్ సీసపు అక్షరాలను కూరుస్తాడు. ఈ నాలుగు పనులకూ ఇంగ్లీషులో ‘సెట్’ ఒక్కటే. అనువాదకులు ‘అమర్చు’ అనే మాటతో అన్నింటినీ గట్టెక్కించాలని చూస్తారు కానీ, ‘వజ్రాలు అమర్చిన ఉంగరం’ అనగానే కంసాలి పనితనం మాయమై మెకానిక్కు చేయి కనిపిస్తుంది. ‘వజ్రాలు పొదిగిన ఉంగరం’ అంటేనే అది తెలుగు. ఇక్కడ ఒక సరదా సంగతి చెప్పాలి. కోడిని గుడ్ల మీద పొదగేయడాన్ని కూడా ఇంగ్లీషులో ‘సెట్’ అనే అంటారు. ఉంగరమూ కోడీ రెండు భాషల్లోనూ ఒకే క్రియను పంచుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ మరచిపోలేము.

టీ సెట్టు, పంపుసెట్టు అన్నప్పుడు ఉన్నదీ ఈ మాటేనా?

చెవికి అదే, పుట్టుకకు వేరు. జతగా ఉండే వస్తువుల సముదాయమనే అర్థం గల నామవాచకం పాత ఫ్రెంచి ‘సెట్’ నుంచి, దాని ద్వారా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. సెక్టా అంటే ఒక గురువును లేదా నాయకుడిని అనుసరించే బృందం. శాఖ, తెగ అనే అర్థంలో వాడే ‘సెక్ట్’ దాని తోబుట్టువు. కాలక్రమంలో ఇది క్రియతో కలిసిపోయి, రెండింటికీ తేడా తెలియనంతగా ఒదిగిపోయింది.

తెలుగు పల్లెకు ఈ నామవాచకం వ్యవసాయంతోనే బాగా చేరింది. మోటారూ పంపూ కలిస్తే పంపుసెట్టు. ఆ మాట ఎంతగా మనదైపోయిందంటే, 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన నాటి నుంచి అది ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ రచ్చబండ మీదా ఒకేలా వినిపిస్తోంది. రేడియో సెట్టు, టీవీ సెట్టు అనే మాటలు క్రమంగా వెనక్కి తగ్గాయి. టీవీ సెట్టు మీద కూర్చునే పెట్టె కాబట్టి సెట్‌టాప్ బాక్సుకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు టీవీ గోడకు అతుక్కుని పలకలా పలచబడినందువల్ల ఆ పెట్టె కింద అరలో పడి ఉంటోంది, పేరు మాత్రం మీదనే ఉండిపోయింది.

‘సెట్ అయింది’, ‘సెట్ కాలేదు’ అని మనం అనేవి సరైన ఇంగ్లీషేనా?

కావు, అవి సరైన తెలుగు. ఎక్కువ తికమక పుట్టేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చూడాలి. ఇంగ్లీషు ‘సెట్’ మన ‘పెట్టు’కు దగ్గర అయితే, తెలుగువారి నోట ‘సెట్’ పూర్తిగా ‘కుదురు’ స్థానంలోకి వచ్చి కూర్చుంది. సంబంధం సెట్ అయిందంటే కుదిరిందని. ఆ ఊరి నీళ్ళు నాకు సెట్ కాలేదంటే పడలేదని, ఒంటికి కుదరలేదని. జాకెట్టు సెట్ కాలేదంటే కొలత కుదరలేదని. వాడు దుబాయిలో సెట్ అయిపోయాడంటే కుదురుకున్నాడని. ఈ వాక్యాల్లో ఏ ఒక్కదాన్నీ ‘సెట్’తో ఇంగ్లీషులోకి తీసుకుపోలేము. నీళ్ళు ‘అగ్రీ’ కాలేదంటారు, జాకెట్టు ‘ఫిట్’ కాలేదంటారు, దుబాయిలో ‘సెటిల్’ అయ్యాడంటారు, సంబంధం ‘ఫిక్స్’ అయిందంటారు.

‘కుదురు’ను గుర్తుచేసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ వంటింట్లో అడుగు గుండ్రంగా ఉండే మంచినీళ్ళ కుండ దొర్లిపోకుండా వరిగడ్డిని మెలిపెట్టి చుట్టిన ఒక వలయం కింద ఉండేది. దాని పేరే కుదురు. కుండను దాని మీద దించి, రెండు చేతులతో ఇటూ అటూ కొంచెం తిప్పి, ఇక కదలదని నమ్మకం కుదిరాక ఆమె చేతులు తీసేది. ‘సెట్’ అనే ఇంగ్లీషు క్రియ అర్థాన్ని నాకు ఇంతకంటే బాగా చూపించిన నిఘంటువు లేదు. కుండను దించడం ఇంగ్లీషు వారి సెట్, అది కదలకుండా నిలవడం తెలుగువారి సెట్.

‘సెటప్’, ‘సెట్టింగ్’ అనే మాటలు వాడేటప్పుడు ఏమి గమనించాలి?

ఎదుట ఉన్నది ఎవరో గమనించాలి. ఫోన్‌లోని సెట్టింగులు అందరికీ ఒకటే. వినాయక చవితి పందిట్లో వేసే కొండా గుహా జలపాతమూ కూడా మనకు సెట్టింగే. ‘ఆ ఆఫీసులో వాడికి సెట్టింగ్ ఉంది’ అంటే లోపాయికారీ ఒప్పందమని అర్థం. ‘సెటప్’ ఇంకా సున్నితమైనది. వాడుక భాషలో పెద్దమనిషికి ఊరవతల ఉన్న చిన్నిల్లును సూచించే మాట కనుక, ఎవరి ఇంటికైనా వెళ్ళి ‘మీ సెటప్ బాగుందండీ’ అనకపోవడం క్షేమం. ఇంగ్లీషులోనూ దీనికో చీకటి కోణం ఉంది. ‘దే సెట్ మి అప్’ అంటే నన్ను కావాలని ఇరికించారని.

‘సిట్’, ‘సెట్’ మధ్య తేడాను ఎలా గుర్తుంచుకోవాలి? దీని భూతకాల రూపం ఏమిటి?

తనంతట తాను కూర్చుంటే సిట్, మరొకదాన్ని కూర్చోబెడితే సెట్. కనుక ‘సెట్’కు సాధారణంగా కర్మ ఉండి తీరాలి. సూర్యుడూ సిమెంటూ పెరుగూ దీనికి మినహాయింపులు. అవి ఎవరూ పెట్టకుండానే సెట్ అవుతాయి. భూతకాలమూ, భూతకాల విశేషణమూ రెండూ ‘సెట్’ రూపంలోనే ఉంటాయి. ‘సెట్టెడ్’ అనే రూపం లేదు. ‘దే సెట్ ది టేబుల్’ అనే వాక్యం రోజూ చేసే పని గురించో నిన్న చేసిన పని గురించో సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. ‘హి సెట్’ అని ‘ఎస్’ లేకుండా ఉంటే మాత్రం అది జరిగిపోయిన పనే.

గట్టిపడటమనే అర్థం ఎక్కడిది?

కదిలేది కదలకుండా నిలవడమే ఆ అర్థానికి మూలం. మేస్త్రీలు ‘స్లాబు సెట్ అవుతోంది’ అన్నప్పుడు ఇంగ్లీషులోని సాంకేతికార్థాన్నే సరిగ్గా వాడుతున్నారు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు నీరు కలిపాక 30 నిమిషాల లోపు సెట్ కావడం మొదలుకాకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తి కావాలి. భారతీయ ప్రమాణాలు పెట్టిన హద్దులివి. తయారీలో జిప్సం కలిపేది సిమెంటు కలిపిన వెంటనే బిగుసుకుపోకుండా ఆపడానికే. సెట్ కావడం వేరు, బలం పుంజుకోవడం వేరు. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలిపేది ఆ రెండవ దాని కోసం, బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. తెల్లారేసరికి గట్టిగా కనిపించిందని సెంట్రింగు విప్పేవారు ఈ రెండింటినీ కలిపేసుకున్నవారే.

పెరుగు విషయానికి వస్తే మనకు తోడుకోవడం, పేరుకోవడం అనే చక్కని మాటలున్నాయి. విరిగిన ఎముకను సరిచేయడాన్ని కూడా ఇంగ్లీషులో ‘సెట్’ అనే అంటారు. అక్కడ మన పుత్తూరు కట్టు గుర్తుకు రాక మానదు. ఎముకను దాని చోట కూర్చోబెట్టి కదలకుండా బిగించడమే కట్టులోని కిటుకు కనుక, ‘ఎముకను అమర్చారు’ అని రాయడం కన్నా ‘కట్టు కట్టారు’ అని రాయడమే మేలు.

పొద్దు విషయంలో మన భాషదే పైచేయి అని నా అభిప్రాయం. వారికి సూర్యుడు ‘సెట్’ కావడం ఒక్కటే. మనకు పొద్దు వాలుతుంది, పొద్దు గూకుతుంది, సూర్యుడు అస్తమిస్తాడు.

కోర్టు వార్తల్లో ‘సెట్ ఎసైడ్’ను ‘పక్కన పెట్టింది’ అని రాయవచ్చా?

రాయకూడదు. రోజువారీ ఇంగ్లీషులో ‘సెట్ ఎసైడ్’ అంటే తరువాత వాడుకోవడానికి పక్కన పెట్టడమే. న్యాయస్థానంలో మాత్రం కింది కోర్టు తీర్పును లేదా ఉత్తర్వును చెల్లకుండా చేయడం, అంటే కొట్టివేయడం లేదా రద్దు చేయడం. నేను సరిచూసిన ఒక అనువాదంలో ‘హైకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది’ అని ఉంది. దాన్ని చదివిన కక్షిదారుడు తన కేసు ఇంకా పెండింగులోనే ఉందనుకుని మరో వాయిదా కోసం ఎదురుచూశాడు. అప్పటికే అతను గెలిచాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదవ ఆర్డరు 13వ రూలు కింద, ప్రతివాది రానప్పుడు ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని ‘సెట్ ఎసైడ్’ చేయమని కోరేది కూడా ఈ అర్థంలోనే.

‘సెట్ ఆఫ్’ అంతకన్నా జారుడు మాట. ప్రయాణానికి బయలుదేరినా, బాంబు పేల్చినా ‘సెట్ ఆఫ్’ అంటారు. లెక్కల్లో అయితే ఒకవైపు రావలసిన దాన్ని మరోవైపు ఇవ్వవలసిన దాంట్లో మినహాయించుకోవడం. ఆదాయపు పన్నులో నష్టాన్ని లాభంలో సర్దుబాటు చేసుకోవడమూ, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 428వ సెక్షను ప్రకారం విచారణ ఖైదీగా గడిపిన కాలాన్ని శిక్షాకాలంలో తగ్గించడమూ ఇదే ‘సెట్ ఆఫ్’.

‘సెట్‌బ్యాక్’ అంటే ఎదురుదెబ్బా, ఖాళీ స్థలమా?

రెండూ. ఎన్నికల వార్తలో ఎదురుదెబ్బ, ఇంటి ప్లానులో హద్దు గోడకూ కట్టడానికీ నడుమ వదలవలసిన జాగా. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భవన నిర్మాణాలపై ఇచ్చిన 168వ నంబరు జీవో ఎంతెంత వదలాలో స్థలం విస్తీర్ణాన్నీ కట్టడం ఎత్తునూ బట్టి చెప్పింది. సెట్‌బ్యాక్ వదలకుండా కట్టినవారికి తరువాత మున్సిపాలిటీ నుంచి తగిలేది రెండవ రకం కారణంగా వచ్చిన మొదటి రకం సెట్‌బ్యాక్.

గణితంలో దీన్ని ‘సమితి’ అని ఎందుకు అంటున్నారు?

జర్మన్ గణితవేత్త గేయార్గ్ కాంటర్ 1874లో మొదలుపెట్టిన సిద్ధాంతం ఇంగ్లీషులోకి ‘సెట్ థియరీ’గా వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు సముదాయమనే అర్థంలో ‘సమితి’ని ఎంచుకుని ఉపసమితి, శూన్య సమితి, సమ్మేళనం, ఛేదనం అంటూ కుటుంబాన్నంతా కట్టాయి. పదం బాగుంది కానీ, ఐక్యరాజ్య సమితి, పాత పంచాయతీ సమితి విన్న చెవులకు ‘సభ్యులు లేని సమితి’ అంటే ముందు నవ్వు వస్తుంది. టీ సెట్టుకూ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. గణితంలో ఒకే మూలకాన్ని రెండుసార్లు రాసినా ఒకటిగానే లెక్క, వరుసకు విలువ లేదు. ‘కిలకిల’ అనే మాటలోని అక్షరాల సమితిలో ‘కి’, ‘ల’ అనే రెండు మూలకాలే ఉంటాయి.

ఆటల్లో సెట్ అంటే?

ఆటలో ఒక భాగం. టెన్నిస్‌లో కనీసం రెండు గేముల ఆధిక్యంతో 6 గేములు గెలిస్తే సెట్, 6–6 అయితే టైబ్రేక్. వాలీబాల్‌లో నాలుగు సెట్లు 25 పాయింట్లకు, అయిదవది 15కు. అక్కడి ‘సెట్టర్’ మాత్రం క్రియ నుంచి వచ్చినవాడు. స్మాషర్‌కు బంతిని గాలిలో కూర్చోబెట్టి ఇచ్చేవాడు.

ఎంసెట్, ఐసెట్‌లలోని సెట్ ఇదేనా?

కాదు. అది ‘కామన్ ఎంట్రెన్స్ టెస్ట్’కు పొడి అక్షరాలు. ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్‌గా మారింది. అధ్యాపకుల అర్హత పరీక్ష ‘సెట్’ అయితే స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్. హైదరాబాదు పాతవారికి గుర్తుండే సెట్విన్ బస్సులోనిది మరో పొడి మాట. అది జంటనగరాల్లో ఉపాధి, శిక్షణ కోసం పెట్టిన సంస్థ పేరు. పరీక్ష హాల్లో పక్కపక్క వారికి ఇచ్చే ‘సెట్ ఏ’, ‘సెట్ బి’ మాత్రం అసలు మాటే. ఆ ప్రశ్నపత్రాన్ని ‘సెట్’ చేసినవారు పేపర్ సెట్టర్ కనుక, ఒకే కాగితం మీద క్రియా, నామవాచకమూ కలుసుకుంటాయి.

అమెరికాలో ‘ఆర్ యు ఆల్ సెట్?’ అని అడిగితే ఏమనాలి?

కొత్తగా వెళ్ళిన మన విద్యార్థులు తరచుగా బోల్తాపడేది ఇక్కడే. హోటల్లో సర్వర్ బల్ల దగ్గర ఆగి అలా అడిగితే ‘ఇంకేమైనా కావాలా, చాలా?’ అని అర్థం. ‘అన్నీ కుదిరాయా’ అనుకుని సంతోషంగా ‘యస్’ అన్నవారి ముందుకు బిల్లు వచ్చేస్తుంది, అడగాలనుకున్న కాఫీ రాదు. దుకాణంలో ‘అయామ్ ఆల్ సెట్’ అంటే ‘వద్దండీ, చాలు’ అని మర్యాదగా చెప్పడం. ప్రయాణానికి ముందు అదే మాట ‘నేను సిద్ధం’ అవుతుంది.

సినిమా ‘సెట్స్ మీద ఉంది’ అనవచ్చా?

తెలుగు సినిమా విలేకరుల భాషలో అది స్థిరపడిన నుడికారం, నిరభ్యంతరంగా వాడవచ్చు. ఇంగ్లీషులో మాత్రం సెట్‌లో ఉండేది మనుషులు, సినిమా కాదు. మనకు సెట్ ‘వేస్తారు’, పందిరి వేసినట్టే. 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీలో వేసినవి ఉంచేసే శాశ్వత సెట్లూ ఉన్నాయి.

సెట్ దోశలో సెట్ అయ్యేది ఏమిటి?

ఏమీ లేదు. పిండి పెనం మీద గట్టిపడటానికీ ఈ పేరుకూ సంబంధం లేదు. విడిగా కాక రెండో మూడో కలిపి ఒక జట్టుగా వడ్డిస్తారు కనుక సెట్ దోశ, అంటే ఇది టీ సెట్టు వంశం, లాటిన్ ‘సెక్టా’ సంతానం. కర్ణాటక నుంచి మన టిఫిను సెంటర్లకు వచ్చింది. పిండిలో అటుకులు కలుపుతారు, అరచేయంత వెడల్పున మందంగా పోస్తారు, పైన తేనెపట్టులా కన్నాలు పడతాయి. ఒక్కటే చాలని అడిగి చూశాను. ‘ఒకటి ఇస్తే సెట్ ఎలా అవుతుంది సార్?’ అన్నాడు పెనం దగ్గర ఉన్నతను.